దేవ్‌మాలి కింద రాత్రంతా నడిచిన ఇంజను

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండెక్కితే దేసియా. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా ఈ కొండ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. అందుకే మా చుట్టాలు పార్వతీపురం నుంచి జయపురం దాకా, అటు పర్లాకిమిడి దాకా చెల్లాచెదురుగా ఉన్నారు. ఎవరింట్లో ఏ శుభకార్యం జరిగినా మా అమ్మ వెళ్లి తీరాలి. ఆమెకు ఉబ్బసం. హోటల్ గదుల్లో దుమ్ము పడదు, బస్సులో పొగ పడదు. అందుకే ఆరేళ్ల కిందట ఒక పాత డీజిల్ వ్యాను కొని, సీట్లు తీయించి, లోపల మంచం, చిన్న వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించాం. దాన్ని మోటార్ హోమ్ అనాలట. మా వీధిలో అందరూ క్యారవాన్ అంటారు. అమ్మ మాత్రం "ఇల్లు" అంటుంది. "ఇల్లు తియ్యరా, జయపురం వెళ్దాం" అంటుంది.

రెండేళ్ల కిందట డిసెంబరులో ఆ ఇంటిని దేవ్‌మాలి కింద ఆపాం. ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ అది, 1672 మీటర్లు. సాయంత్రానికే చలి ఎముకల్లోకి దిగింది. లోపల లైట్లకీ అమ్మ నెబ్యులైజరుకీ ఒకే ఒక్క ఇన్వర్టర్ బ్యాటరీ ఉండేది, ఇళ్లలో పెట్టుకునే 150 యాంపియర్ అవర్ లెడ్ బ్యాటరీ. రాత్రి పదకొండుకి అది చేతులెత్తేసింది. అమ్మకు ప్రతి నాలుగైదు గంటలకీ మందు పీల్పించాలి. చలికి హీటరూ కావాలి. నాకు ఇంకో దారి కనబడలేదు. ఇంజను స్టార్ట్ చేసి అలాగే వదిలేశాను. తెల్లారేదాకా నడిచింది.

పొద్దున్నే దగ్గరి ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. దుప్పట్లో చుట్టిన పసిపిల్లాడు భుజం మీద ఉన్నాడు. కోపంగా ఏమీ లేదు. దేసియాలో అడిగింది: "మీ బండికి ఒంట్లో బాగాలేదా? రాత్రంతా మూలుగుతూనే ఉంది. పొగ మా వైపుకే వచ్చింది. పిల్లాడు దగ్గుతూనే ఉన్నాడు, నిద్రపోలేదు."

ఏం చెప్పాలో తెలియలేదు. ఆవిడ వెళ్లాక అమ్మ అంది, "నా ఊపిరి కోసం ఆ పసివాడి ఊపిరి తీశాం కదరా."

ఎలక్ట్రిక్ బండ్ల గురించి నేను పట్టించుకుని చదవడం ఆ పొద్దున్నుంచే మొదలైంది. డీజిల్ మోటార్ హోమ్ స్థానంలోకి కరెంటుది రాగలదా? ఈ ప్రశ్నకు మా ఇంట్లోనే రెండు జవాబులున్నాయి. విశాఖపట్నంలో ఉండే మా బావమరిది, సొంతంగా ఎలక్ట్రిక్ కారు ఉన్నవాడు, "డీజిల్ పనైపోయింది బావా, ఇంకా దాన్నే పట్టుకుని వేళ్లాడతారేంటి" అంటాడు. ముప్పై ఏళ్లు ఈ ఘాట్ రోడ్ల మీద లారీ తోలిన మా చిన్నాన్న, "బ్యాటరీ బండి సుంకి ఘాట్ ఎక్కుతుందా? మధ్యలో ఆగితే ఎవడు తోస్తాడు" అంటాడు. ఇద్దరి మాటా తప్పేనని ఇప్పుడు నాకు నమ్మకం కుదిరింది.

ముందు చిన్నాన్న మాట చూద్దాం. సాలూరు నుంచి సుంకి మీదుగా పొట్టంగి ఎక్కడమంటే దాదాపు ఎనిమిది వందల మీటర్ల ఎత్తు. కిందటేడు బావమరిది కారులో, 40 యూనిట్ల (కరెంటు మీటరులో తిరిగే యూనిట్లే) బ్యాటరీతో, నేనే పక్కన కూర్చుని చూశాను. సాలూరులో 78 శాతం ఉంది. పొట్టంగి చేరేసరికి 56. అంకె అలా కరిగిపోతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. కానీ తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగుతున్నప్పుడు, బ్రేకు మీద కాలు పెట్టకుండానే కారు తనంతట తాను వేగం తగ్గించుకుంటూ దిగింది. మలుపు మలుపుకీ మోటారు డైనమోలా తిరిగి బ్యాటరీని నింపింది. కొండ కిందకి వచ్చేసరికి 2 శాతం పెరిగింది. దిగితే ఇంధనం పెరిగే బండిని నా జన్మలో మొదటిసారి చూశాను.

నాలుగు టన్నుల మోటార్ హోమ్‌కి ఇదే లెక్క వేస్తే, ఆ ఎత్తు ఎక్కినందుకు పది యూనిట్ల దాకా అదనంగా ఖర్చవుతుంది, దిగేటప్పుడు అందులో ఐదారు వెనక్కి వస్తాయి. డీజిల్ బండి దిగేటప్పుడు వెనక్కి ఇచ్చేది ఏమీ లేదు. బ్రేకులు కాలిన వాసన మాత్రం వస్తుంది. మా వ్యాను దిగాక వెనక చక్రం దగ్గర చెయ్యి పెడితే సెగ తగులుతుంది. మనం డబ్బు పోసి ఎక్కించిన ఎత్తే ఆ సెగ అయి పోతోంది.

తిరుపతి నుంచి తిరుమలకు 2022 సెప్టెంబరు నుంచి ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. నిండా భక్తులతో ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. అంత దూరం ఎందుకు, మన కొత్తవలస–కిరండూల్ లైను ఉంది కదా. బైలదిల్లా ఇనుప ఖనిజం మోసే రైళ్లు అరకు కొండల మీదుగా నలభై ఏళ్లుగా కరెంటు ఇంజన్లతోనే నడుస్తున్నాయి. కొండ కరెంటుకు ఎప్పుడూ అడ్డం కాలేదు. మోటారు స్టార్టింగ్‌లోనే పూర్తి లాగుడు ఇస్తుంది, డీజిల్ ఇంజనులా గేరు దించుకుని ఏడవదు. ఘాట్ గురించిన భయాన్ని మనం వదిలేయాలి. ఇది చిన్నాన్నకు నచ్చదని తెలుసు, అయినా రాస్తున్నాను.

తిరుమల బస్సుకూ మా ఇంటికీ తేడా ఇంకెక్కడో ఉంది. ఆ బస్సు ప్రతి రాత్రీ తన డిపోకే వస్తుంది. అక్కడ దానికోసమే పెట్టిన చార్జరు ఉంటుంది. మోటార్ హోమ్ పుట్టిందే డిపో లేని చోట ఆగడానికి.

ఇప్పుడు బావమరిది మాట. అమెరికాలో మోటార్ హోమ్‌లు చేసే విన్నెబాగో కంపెనీ 2023 జనవరిలో ఈఆర్‌వీ2 అని ఒక ఎలక్ట్రిక్ నమూనా చూపించింది. ఫోర్డ్ ఈ-ట్రాన్సిట్ వ్యాను మీద కట్టింది. ఒక్క చార్జికి వాళ్లు చెప్పిన దూరం 108 మైళ్లు, అంటే సుమారు 174 కిలోమీటర్లు. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కోరాపుట్ వెళ్లి, దేవ్‌మాలి చూసి ఇంటికి రావాలంటే మూడు వందలు దాటుతుంది. 2024లో థోర్ అనే ఇంకో పెద్ద కంపెనీ, హార్బింజర్ అనే చాసిస్ (బండి అడుగు చట్రం) కంపెనీతో కలిసి 500 మైళ్లు వెళ్లే బండిని ప్రకటించింది. అయితే 140 యూనిట్ల బ్యాటరీ పెట్టాక కూడా దాంట్లో ఒక పెట్రోలు జనరేటరు ఉంచారు. మంచి రోడ్లు, అడుగడుగునా క్యాంపు గ్రౌండ్లు, ప్రతి క్యాంపులో కరెంటు పాయింటు ఉన్న దేశంలోనే పెద్ద కంపెనీ ఇంజనును పూర్తిగా వదల్లేకపోయింది.

కారణం బరువు. మా వ్యాను ట్యాంకులో 70 లీటర్ల డీజిల్ పడుతుంది. అది నిండా ఉన్నా బరువు 60 కిలోల లోపే. లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తుంది కాబట్టి ఆరు వందలు పైగా వెళ్తుంది. అలాంటి బండి కరెంటు మీద నడిస్తే కిలోమీటరుకు 0.4 యూనిట్ దాకా లాగుతుంది. అంటే అంతే దూరానికి 250 యూనిట్ల బ్యాటరీ మోయాలి, దాని బరువు ఒకటిన్నర టన్ను దాటుతుంది. మంచం, నీళ్లు, బియ్యం, మనుషులు ఆ పైన. యూరప్‌లో మామూలు కారు లైసెన్సుతో తోలాలంటే 3.5 టన్నుల హద్దు ఉండటంతో అక్కడ ఇది పెద్ద తలనొప్పి అయింది. మనకు లైసెన్సు ఇబ్బంది అంత లేదు. టైర్లూ బ్రేకులూ మాత్రం ఎక్కడైనా అవే.

పోనీ అంత పెద్దది వద్దు, 100 యూనిట్లది చాలు, 220 కిలోమీటర్లు వస్తే చాలు అనుకుందాం. నిజానికి మేము రోజుకు వంద మించి వెళ్లం, అమ్మ నడుం ఒప్పుకోదు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా మామూలు 15 యాంప్ పాయింటుకు తగిలిస్తే గంటకు మూడు చొప్పున 30 యూనిట్లు ఎక్కుతాయి. 75 కిలోమీటర్లు. నెమ్మదిగా తిరిగే మాలాంటి వాళ్లకు అది సరిపోతుంది కూడా. ఫాస్ట్ చార్జర్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. అవి ఉన్నా మా బండికి అందవు. విశాఖలో ఒక చోట చార్జరు చూపిస్తోంది కదా అని బావమరిది తీసుకెళ్తే అది సెల్లారులో ఉంది. మా వ్యాను ఎత్తు తొమ్మిదడుగులు. గేటు దగ్గరే ఆగిపోయాం.

ఇంతకీ ఆ 15 యాంప్ పాయింటు ఎక్కడుంది?

కోరాపుట్ వైపు ఒక గెస్ట్‌హౌస్‌లో జరిగింది చెప్తాను. ఆ రోజు బావమరిది కారూ మా వ్యానూ కలిసి వెళ్లాయి. రాత్రికి అక్కడే బస. వాచ్‌మన్ మంచివాడు, గీజరు పాయింటు నుంచి వైరు లాగి కిటికీలోంచి ఇచ్చాడు. కారుతో వచ్చిన చిన్న చార్జరు తగిలిస్తే పచ్చ లైటు బదులు ఎర్ర లైటు వెలిగింది. ఇంకో గదిలో పెడితే అక్కడా ఎర్రదే. వంటగదిలో కూడా అంతే. వాచ్‌మన్ టెస్టరు తెచ్చి చూపించాడు, కరెంటు బాగానే వస్తోంది. లేనిది ఎర్త్, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపేసే తీగ. మూడు బొక్కల ప్లగ్గు పెట్టారు, మూడో బొక్క వెనక వైరే లేదు. ఫ్యాను, టీవీ, గీజరు అన్నీ ఎర్త్ లేకపోయినా పనిచేస్తాయి, అందుకే అన్నేళ్లుగా ఎవరికీ తెలియలేదు. కారు చార్జరు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిది, వానలో తడిసిన కారు బాడీకి కరెంటు పాకితే ముట్టుకున్న మనిషి పోతాడు.

నాకు బాధ కలిగింది వేరే విషయానికి. దుడుమ జలపాతం దగ్గర మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు పుడుతోంది, 120 మెగావాట్లు. అప్పర్ కొలాబ్‌లో 320, బలిమెలలో 510. ఒకప్పటి కోరాపుట్ జిల్లా నీళ్లూ లోయలూ ఇచ్చి రెండు రాష్ట్రాలకు దీపాలు పెట్టింది. ఆ డ్యాముల కోసం ఊళ్లు మునిగాయి. అదే గడ్డ మీద ఒక కారుకు రాత్రికి ముప్పై యూనిట్లు ఎక్కించడానికి సరైన ప్లగ్గు లేదు.

ఇక డబ్బు లెక్క. ఇక్కడే నా అభిప్రాయం పూర్తిగా మారింది. మా వ్యాను ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరుగుతుంది. దాదాపు 890 లీటర్లు, లీటరు తొంభై పైన, వెరసి ఎనభై వేలు. కరెంటు అయితే 3,200 యూనిట్లు. ఇంటి దగ్గర కొంత, బయట చార్జర్ల దగ్గర ఎక్కువ రేటుకు కొంత వేసుకుంటే నలభై వేలు. మిగిలేది ఏడాదికి నలభై వేలు. 2024లో బ్యాటరీ ధర ప్రపంచ సగటున యూనిట్‌కు 115 డాలర్లు. 100 యూనిట్లంటే 11,500 డాలర్లు, మన రూపాయల్లో తొమ్మిదిన్నర లక్షల పైన, పన్నులు కాకుండా. బ్యాటరీ ఖరీదు రావడానికే ఇరవై ఏళ్లు దాటుతుంది. అప్పటికి ఆ బ్యాటరీ ఉంటుందా, నేను తోలగలనా?

పొగ లెక్క కూడా నేననుకున్నంత తేలిగ్గా తేలలేదు. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, అంటే మా బండి కిలోమీటరుకు 0.3 కిలో. మన దేశపు కరెంటు ఎక్కువ భాగం బొగ్గుదే, యూనిట్‌కు సుమారు 0.7 కిలో. కిలోమీటరుకు 0.4 యూనిట్ లాగే బరువైన బండి కూడా 0.28 దగ్గరే తేలుతుంది. చిన్న కారుకు తేడా బాగా కనిపిస్తుంది, స్కూటరుకు ఇంకా బాగా. నాలుగు టన్నుల ఇంటికి ఇవాళ్టికి అంతంతమాత్రం. సోలార్, గాలి కరెంటు పెరిగేకొద్దీ ఇది మారుతుంది. తప్పకుండా మారాలి.

అదే 100 యూనిట్ల బ్యాటరీని రాయగడ–కోరాపుట్ బస్సులో పెడితే? అది రోజుకు రెండు వందల కిలోమీటర్లకు పైగా తిరుగుతుంది. నేను ఏడాదంతా తిరిగే దూరం అది నలభై రోజుల్లో తిరిగేస్తుంది. మధ్యలో ఎత్తూ ఉంది, దిగుడూ ఉంది, రెండు చివర్లా బస్టాండూ ఉంది. సంతకు వెళ్లే ముసలమ్మలు, కాలేజీ పిల్లలు, ఆస్పత్రికి వెళ్లే గర్భిణులు ఆ పొగ పీల్చడం మానేస్తారు. దేశంలో బ్యాటరీలు ఇంకా ఖరీదుగా ఉన్న రోజుల్లో అవి ముందు బస్సులకు, ఆటోలకు, ఊళ్లో సరుకు మోసే బండ్లకు పోవాలి. నెలకు రెండుసార్లు కదిలే నా ఇంటి చక్రాలకు కాదు. ఎవరైనా నన్ను పర్యావరణం మీద ప్రేమ లేనివాడంటే అనుకోనివ్వండి. ప్రేమ ఉండబట్టే ఈ మాట అంటున్నాను.

మరి దేవ్‌మాలి కింద దగ్గిన పిల్లాడి సంగతేంటి? వాణ్ని ఇబ్బంది పెట్టింది మా చక్రాలు కావు, ఆగిన ఇల్లు. మోటార్ హోమ్ అంటే ఒకే చాసిస్ మీద రెండు యంత్రాలు. ఒకటి రోజుకు రెండు మూడు గంటలు కదిలే బండి. రెండోది మిగతా ఇరవై గంటలూ మనుషులు బతికే ఇల్లు. ఈ ఇంటి కోసం ఇంజను నడపడమంత దండగ పని ఇంకోటి లేదు. గంటకు దాదాపు లీటరు డీజిల్ పోతుంది. పైగా బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) ఇంజన్లకు పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి రోడ్డు మీద వేగంగా వెళ్లి వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. బండిని నిలిపి గంటలకొద్దీ ఇంజను నడిపితే ఫిల్టరు మూసుకుపోతుంది. బాగుచేయించాలంటే వేలకు వేలు. చాటికొన బుధవారం సంత దగ్గర టూరిస్టు వ్యాన్లు ఏసీ కోసం గంటలు గంటలు ఇంజను ఆపకుండా నిలబెడతాయి. పక్కనే కొండల్లో ఉండే డొంగ్రియా కోందు గిరిజన ఆడవాళ్లు అరటిపళ్లూ పసుపూ పెట్టుకుని కూర్చుని ఉంటారు. చూస్తే కడుపు రగిలిపోతుంది.

మేము చేసింది ఇదీ. లెడ్ బ్యాటరీ తీసేసి 10 యూనిట్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టించాం. బరువు వంద కిలోలు. పైన 600 వాట్ల సోలార్ పలకలు, 5 కిలోవాట్ల ఇన్వర్టరు. బండి కదిలినప్పుడు ఇంజను తిప్పే ఆల్టర్నేటరు (డైనమో లాంటిది) నుంచి కూడా చార్జి ఎక్కుతుంది. ఖర్చు రెండు లక్షలు దాటింది. నెబ్యులైజరు, ఫ్రిజ్, ఇండక్షన్ పొయ్యి, లైట్లు, చలికాలంలో ఎలక్ట్రిక్ దుప్పటి అన్నీ కలిపి రోజుకు మూడు నాలుగు యూనిట్లు. డిసెంబరు ఎండకు సోలారే రెండు పైన ఇస్తుంది. రెండు మూడు రాత్రులు ఇంజను తాళం తిప్పకుండా ఉండగలుగుతున్నాం. వానాకాలంలో మబ్బు పడితే లెక్క తప్పుతుంది, ఒప్పుకుంటాను. ఏసీ వేస్తే ఒక్క రాత్రే. అయితే కోరాపుట్ కొండ మీద ఏసీ అడిగేవాళ్లు తక్కువ. పైన చెప్పిన విన్నెబాగో నమూనాలో కూడా చక్రాల బ్యాటరీ వేరు, ఇంటి బ్యాటరీ వేరు. ఆ రెండోదే ఇవాళ మన చేతిలో ఉన్న పని. ఇంట్లో కరెంటు పోయినా ఇప్పుడు అమ్మ మందుకు ఇబ్బంది లేదు, వ్యాను నుంచి వైరు లాగుతాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఇది ఉండి ఉంటే ఎంత బాగుండేదో.

గెస్ట్‌హౌస్ కథ పూర్తి చేయలేదు కదా. ఆ రాత్రి కారులో 9 శాతం ఉంది. చివరికి వైరు మా వ్యాను నుంచి ఇచ్చాం. ముందు మా ఇన్వర్టరుకూ ఎర్ర లైటే వచ్చింది. బావమరిది ఫోన్లో ఎలక్ట్రీషియన్ చెబుతుంటే న్యూట్రల్‌నీ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) ఎర్త్‌నీ ఇన్వర్టరు దగ్గర కలిపాక పచ్చ లైటు వెలిగింది. రెండు గంటల్లో ఆరు యూనిట్లు ఎక్కాయి. ఆ రోజంతా సోలార్ పట్టిన ఎండ కొంత, లక్ష్మీపూర్ దారిలో మా డీజిల్ తిప్పిన ఆల్టర్నేటరు కొంత. మర్నాడు కారు ఆ ఆరు యూనిట్లతోనే చార్జరు దాకా చేరింది. దారి పొడుగునా బావమరిది మాట్లాడలేదు. చార్జరు దగ్గర దిగి, "చక్రాల సంగతి మీరన్నదే నిజం బావా, ఇంకో పదేళ్లు" అన్నాడు. పదేళ్లో ఐదేళ్లో నేను చెప్పలేను.

వాచ్‌మన్ ఆ రాత్రంతా మా పక్కనే నిలబడి చూశాడు. ఎర్త్ అంటే ఏం చేయాలని అడిగాడు. చెప్పాను: ఏడెనిమిది అడుగుల గొయ్యి, అందులో జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా, పైన నీళ్లు పోయడానికి చిన్న గరాటు, అక్కడి నుంచి బోర్డు దాకా రాగి తీగ. బావి తవ్వే వాళ్లకు ఒక పూట పని. మార్చిలో మళ్లీ అటు వెళ్లాం. పార్కింగ్ పక్కన కానుగ చెట్టు కింద సిమెంటు చట్టం కట్టి ఉంది, మధ్యలో గరాటు. వాచ్‌మన్ చెంబుతో నీళ్లు తెచ్చి పోశాడు. మేనేజరు గారిని ఒప్పించడానికి మూడు నెలలు పట్టిందట. గోడకు వాన తగలకుండా డబ్బాలో కొత్త 15 యాంప్ ప్లగ్గు, పక్కనే చిన్న మీటరు. మా వ్యాను తగిలించి పొద్దున చూస్తే ఎనిమిది యూనిట్లు తిరిగింది. డబ్బులిస్తుంటే అమ్మ అడిగింది, ఇంకెవరైనా వాడుతున్నారా అని. సంతకు కూరగాయలు తెచ్చే ఇద్దరు ఈ-రిక్షా కుర్రాళ్లు మధ్యాహ్నం పూట వచ్చి పెట్టుకుంటున్నారట.